బండి గుంజకపోతే ముందు గాలి దారి చూడండి



ఈ పూట నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని మాట్లాడబోవడం లేదు. పండిన పంటను కోసి కల్లానికి చేర్చే యంత్రాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. వ్యవసాయశాఖవానికి ఇంజను సంగతి ఎందుకు అని మీరు అనవచ్చును. కొంతకాలం క్రితం నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకున్నందుకు ఒక రైతు నష్టపోయినాడు. ముందు ఆ సంగతి చెబుతాను.

కోరుట్ల దగ్గరి ఒక ఊళ్లో యాసంగి వరి కోతలు సాగుతున్నాయి. ఊరంతటికీ ఒకటే కోత మిషను. రెండు మళ్లు కోసేసరికి మిషను మొరాయించింది. ఇంజను తిరుగుతూనే వున్నది గాని, పంట మీదికి పోగానే గొంతు దిగిపోతున్నది, నల్లటి పొగ కక్కుతున్నది. "బండి గుంజుతలేదు సారూ, ఏం చేద్దామంటవు?" అని మిషను యజమాని నన్ను అడిగినాడు. వచ్చిన మెకానిక్ చూసి "టర్బో పోయింది, కొత్తది వేయాలె" అన్నాడు. నేనేమన్నాను? "ఇంజను సంగతి నాకేం ఎరుక అన్నా, ఆయన చెప్పినట్టు చేయి" అన్నాను. అక్కడితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

సామాను రావడానికి మూడు రోజులు పట్టింది. మూడవనాడు సాయంత్రం ఈదురుగాలితో రాళ్లవాన పడింది. కోతకు నిలిచిన వరి నేలకు పరుచుకున్నది, గింజ రాలింది, మడిలో నీళ్లు నిలిచి వెన్నులు మొలకెత్తినాయి. నాలుగవనాడు కొత్త టర్బో బిగించినారు. మిషను మడిలోకి దిగింది. అప్పుడు యజమాని అన్న మాట ఇంకా నా చెవుల్లో వున్నది: "సారూ, కొత్త టర్బో ఏసినం, గదే పొగ, గదే నిల్చుడు!"

చివరకు సంగతి పట్టుకున్నది మిషను మీద పనిచేసే కుర్రవాడు. ఇంజనుకు పోయే ఒక లావుపాటి రబ్బరు పైపు అడుగున నూనె తడి కనిపించింది. దానికి వరి నుసి అంటుకుని మందంగా పేరుకున్నది. తుడిచి పైపును వంచి చూస్తే, బిగింపు క్లిప్పు పక్కన బెత్తెడు చీలిక. ఇంజను ఊరకే వున్నప్పుడు ఆ చీలిక పెదవులు మూసుకుని వుంటుంది, బరువు పడగానే నోరు తెరుస్తుంది. పైపు మార్చినారు, మిషను మామూలుగా కోసింది. విప్పి పక్కన పెట్టిన పాత టర్బోలో ఏ లోపమూ లేదు. ఒకసారి బిగించిన కొత్తదాన్ని కొట్టువాడు వాపసు తీసుకోడు గదా! ఒక పైపుకు పోవలసిన ఖర్చు ఎన్నో రెట్లయింది. అంతకంటె పెద్ద నష్టం మూడు రోజులు పోవడం.

అందుచేత ఈ నాటి నా మాట ఒక్కటే. టర్బో వున్న బండి గుంజకపోతే టర్బోను ఆఖరున అనుమానించండి. ముందు గాలి దారి మొదటినుంచి చివరిదాకా నడిచి చూడండి.

అసలు టర్బో అంటే ఏమిటి? కమ్మరి కొలిమిలో తిత్తి ఏ పని చేస్తుందో ఇంజనులో టర్బో ఆ పని చేస్తుంది. బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు. డీజిలు సంగతీ అంతే. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావలెను. ఆ గాలిని ఇంజను తనంతట తాను పీల్చుకుంటే కొంతే వస్తుంది. అందువల్ల బయటికి పోయే పొగ వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండవ కొసన వున్న చక్రంతో గాలిని లోపలికి నెట్టే ఉపాయం కనిపెట్టినారు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో దీనికి పేటెంటు పొందినాడు. పొగ గొట్టం మొదట్లో నత్తగుల్ల ఆకారంలో కనిపించే ఇనుప బుర్రే టర్బో. అది నెట్టిన గాలి వేడెక్కుతుంది గనుక మధ్యలో రేడియేటరు వంటి ఒక జల్లెడలో చల్లబరుస్తారు. దానిని ఇంటర్‌కూలరు అంటారు. బయటి గాలి ఒత్తిడికి మించి టర్బో అదనంగా కలిపే ఒత్తిడినే బూస్టు అంటారు. ఒక బారు బూస్టు వుండి, గాలి చక్కగా చల్లబడితే, ఇంజనులోకి దాదాపు రెట్టింపు గాలి చేరుతుంది. బూస్టు తగ్గితే ఆ గాలి చేరదు. గాలి లేక సగం కాలిన డీజిలే ఆ నల్లపొగ.

ఇప్పుడు మన కాలువను తలచుకోండి. పోచంపాడు వద్ద 1963 జులై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ మన కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా పోతున్నది. చివరి మడికి నీళ్లు అందకపోతే మీరు ఏం చేస్తారు? ప్రాజెక్టు గేట్లు మార్చమంటారా? పార భుజాన వేసుకుని కాలువ గట్టు పట్టుకుని నడుస్తారు. ఎక్కడ పూడిక పడింది, ఎక్కడ గండి పడింది, ఎవరు తూము ఎత్తినారు అని చూస్తారు. బూస్టు తగ్గినప్పుడు చేయవలసిన పని కూడా సరిగ్గా అదే. పూడిక, గండి, తెరిచిన తూము, ఈ మూడు చూసిన తరువాతనే యంత్రం మాట.

అన్నిటికంటె ముందు జబ్బు ఇదేనా అని తేల్చుకోవలెను. బండి గుంజకపోవడానికి కారణాలు చాలా వున్నాయి. ఇంజను వేగం పెరుగుతూ చక్రాలు ముందుకు పోకపోతే అది క్లచ్చి జారడం. బండి వేడెక్కి, తోసినా కదలకపోతే బ్రేకు పట్టి వుండవచ్చును. గుంజకపోవడంతో పాటు నల్లపొగ వుంటే గాలి తక్కువైనదని అనుమానించవలెను. పొగ లేకుండా గుంజకపోతే ముందు డీజిలు ఫిల్టరు, డీజిలు గొట్టాలలో గాలి చేరడం చూడండి. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు మండుతున్నదని గుర్తు. కాని ఒక హెచ్చరిక. బూస్టు తగ్గగానే డీజిలును కూడా తగ్గించే ఏర్పాటు కొన్ని ఇంజన్లలో వున్నది. వాటిలో పొగ అంతగా రాదు. 50 హార్సుపవరు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి, కార్లకు 2020 ఏప్రిల్ నుండి కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి. అటువంటి కొత్త బండ్లలో గాలి తగ్గినట్లు కంప్యూటరు పసిగడితే, పొగ రాకముందే బలం తగ్గించి, ఎదురుగా దీపం వెలిగిస్తుంది. దీపం వెలిగితే బ్యాటరీ వైరు పీకి దానిని ఆర్పకండి. ఆ గుర్తు చెరిగిపోతే మెకానిక్‌కు దారి చూపేది పోతుంది.

ఇక మొదటి మెట్టు, పూడిక. అంటే ఎయిర్ ఫిల్టరు. కోతల దుమ్ములో, వరి నుసిలో పనిచేసే మిషనుకు ఇది ప్రతిరోజూ చూడవలసినది. ఫిల్టరు డబ్బా మీద ఎర్ర గుర్తు చూపే గాజు బిళ్ల వుంటే అది చూడండి. అడుగున వుండే రబ్బరు మూతిని నొక్కి దుమ్ము రాల్చండి. ఫిల్టరును చక్రానికేసి బాదకూడదు, కాగితం మడతలు చిరుగుతాయి. గాలి కొట్టితే మెల్లగా, లోపలినుంచి బయటికి కొట్టండి. లోపల ఇంకొక చిన్న ఫిల్టరు వుంటే దానిని శుభ్రం చేయరాదు, మార్చవలసినదే. కొందరు "ఈ ఒక్క మడి" అని ఫిల్టరు తీసేసి నడుపుతారు. లక్షకు పైగా చుట్లు నిమిషానికి తిరిగే చిన్న చక్రం మీద ఇసుక రేణువు పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ ఒక్క మడే టర్బో ప్రాణం తీస్తుంది.

కోతలు లేని నెలల్లో మిషను కొట్టంలో నిలబెట్టినప్పుడు ఎలుకలు ఫిల్టరు డబ్బాలో గూడు కడతాయి, పైపులు కొరుకుతాయి. కోతలకు వారం ముందు డబ్బా విప్పి చూడండి. ఫిల్టరునుంచి టర్బోకు పోయే పైపు మెత్తబడి వుంటే, ఇంజను గట్టిగా పీల్చినప్పుడు అది లోపలికి అతుక్కుంటుంది. అది కూడా పూడికే. ఇంటర్‌కూలరు ముందు నుసి పేరుకుంటే గాలి చల్లబడదు. వేడి గాలి పలుచన, బలం తక్కువ. రోజూ పని కాగానే దానిని దులపండి.

రెండవ మెట్టు, గండి. టర్బోనుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడినుంచి ఇంజనుకు పోయే పైపులన్నీ చేత్తో తడిమి చూడండి. ఇంజను ఆపి, చల్లారనిచ్చి ఈ పని చేయవలెను. చూపుకు అందని అడుగు భాగమే ముఖ్యం. పైపు లోపల కొద్దిగా నూనె జిడ్డు వుండడం సహజమే. బయట ఒక్కచోట నూనె తడి, దాని మీద దుమ్ము అంటి వుంటే అక్కడే గండి అని తెలుసుకోండి. క్లిప్పులు బిగుతుగా వున్నవో లేవో చూడండి. బరువు మీద నడిచేటప్పుడు 'ఉస్సు' మని పాము బుసకొట్టినట్టు శబ్దం వస్తే గండి వున్నట్లే.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. బండి నిలబెట్టి, సబ్బు నురుగు పూసి, బుడగలు రాలేదు గనుక లీకేజీ లేదంటారు. ఇంజను స్లోలో తిరిగేటప్పుడు బూస్టు దాదాపు వుండనే వుండదు. ఇక బుడగ ఎట్లా వస్తుంది? నిలబెట్టి రేసు ఇచ్చినా బూస్టు పూర్తిగా రాదు. బరువు పడితేనే పొగకు బలం, పొగకు బలం వుంటేనే టర్బోకు వేగం. కావున సబ్బునీళ్ల పరీక్ష చేయాలంటే, ఇంజను ఆపి, గాలి దారి మూతికి బిరడా బిగించి, కంప్రెసరునుంచి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి చూడవలెను. అర బారుతో మొదలుపెట్టి, ఒక బారు దాటించరాదు. ఎక్కువైతే బిరడా తుపాకి గుండువలె ఎగిరి వస్తుంది. ఈ పని తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి, ఎదురుగా నిలబడకండి.

గేజి వున్నచోట కొలిచి చూడడం ఇంకా మేలు. గేజిని లోపలికి కనబడేట్లు పెట్టి, మడిలో పంట కోస్తుండగానో, నిండు ట్రాలీతో ఎత్తు ఎక్కుతుండగానో చూడవలెను. నడిపేవాడు దారి చూడాలి, గేజిని పక్కవాడు చూడాలి. ఎంత వుండవలెనన్నది బండి పుస్తకంలో వుంటుంది, ఒక బండి లెక్క ఇంకొక దానికి పనికిరాదు. కంప్యూటరు యంత్రం పెట్టి చూసేచోట ఒక కిటుకు తెలుసుకోండి. అనేక బండ్లలో అది బయటి గాలి ఒత్తిడిని కూడా కలిపి చూపుతుంది. ఇంజను ఆపి తాళంచెవి మాత్రం తిప్పితే మన ప్రాంతంలో వంద కిలోపాస్కల్లకు కొంచెం తక్కువ చూపవలెను. అట్లా చూపకపోతే కొలిచే సెన్సారే తప్పు చెబుతున్నదన్నమాట. కొలబద్ద తప్పయితే మడి విస్తీర్ణం తప్పదా?

మూడవ మెట్టు, తెరిచి వుండిపోయిన తూము. బూస్టు మితిమీరకుండా, ఎక్కువైన పొగను పక్కదారి పట్టించే చిన్న తలుపు టర్బో మీద వుంటుంది. దానిని వేస్టుగేటు అంటారు. మసి పట్టి ఆ తలుపు మూసుకోకపోతే పొగంతా చక్రాన్ని తిప్పకుండానే పోతుంది. ఆ తలుపును కదిలించే కడ్డీ, దానికి పోయే సన్నని గొట్టం చూడవలెను. పొగ వైపు కూడా గండి పడుతుంది. ఇంజనుకు, టర్బోకు మధ్య ప్యాకింగు కాలిపోతే, ఆ చోట నల్లని మసి గీతలు, 'టిక్ టిక్' శబ్దం వస్తాయి. సైలెన్సరు పూడుకుపోయినా పొగకు దారి లేక బూస్టు తగ్గుతుంది.

ఈ మూడవ మెట్టు నాకు నేర్పినది సిరిసిల్లలో ఒక వృద్ధ మెకానిక్. అప్పుడాయన ఒక డీజిలు కారు చూస్తున్నాడు. ఎత్తు ఎక్కదు, దీపం వెలుగుతుంది. టర్బో మార్చమని ఇంకెవరో చెప్పి పంపినారట. ఆయన దీపం పట్టుకుని వంగి, పెన్నంత లావు కూడా లేని రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూపినాడు. ఇంజను వేడికి ఎండి, కొసన పగిలి వున్నది. ఆ కారులో టర్బో రెక్కలను కదిలించే డబ్బా, ఆ గొట్టం ద్వారా వచ్చే పీల్పుడుతో పనిచేస్తుంది. గొట్టం పగిలితే రెక్కలు కదలవు, బూస్టు రాదు. పగిలిన కొస కత్తిరించి తొడిగి చూస్తే కారు లేచింది. తరువాత కొత్త గొట్టమే వేసినాడు. నా ముఖం చూసి నవ్వి, "పోగు తెగితే మగ్గం మారుస్తమా సారూ?" అన్నాడు. నేతన్నల ఊరివాడు గదా, ఆ మాట ఆయన నోటనే రావలెను. కోరుట్ల దగ్గర నేను చేసిన పొరపాటు అప్పుడు నాకు పూర్తిగా తెలిసివచ్చింది.

ఈ మూడు మెట్లూ ఎక్కిన తరువాతనే టర్బోను విప్పండి. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత గాలి పైపు తీసి, చక్రాన్ని వేలితో తిప్పి చూడవలెను. అది ఇబ్బంది లేకుండా తిరగాలి. పక్కలకు కొంచెం కదలడం తప్పు కాదు, దాని ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుతుంది. కాని చక్రం అంచు గోడకు రాసుకుంటే, ముందుకు వెనుకకు జరుగుతున్నట్లు వేలికి తెలిస్తే, రెక్కలు విరిగి వుంటే, నూనె ధారగా కారుతుంటే టర్బో పోయినట్లే. నూనె ధారగా కారే ఇంజనును మళ్లీ స్టార్టు చేయకండి. ఆ నూనెనే తాగి, ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం వున్నది.

టర్బో నిజంగా పోతే, ఎందుకు పోయింది అని అడగండి. సాధారణంగా దానిని చంపేవి రెండు, దుమ్ము, చెడిన నూనె. నూనె గొట్టంలో మసి గడ్డకట్టి వుంటే, దానిని శుభ్రం చేయకుండా కొత్త టర్బో వేస్తే అదీ పోతుంది. వేరుపురుగు వున్న మడిలో మళ్లీ నారు నాటినట్లే. పుస్తకంలో చెప్పిన గంటలకు, చెప్పిన రకం ఆయిలే మార్చండి. స్టార్టు చేయగానే రేసు ఇవ్వకండి, నూనె పైదాకా ఎక్కనివ్వండి. బరువు పని చేసి నిలిపేటప్పుడు రెండు మూడు నిమిషాలు స్లోలో తిరగనిచ్చి ఆపండి. ఎర్రగా కాలిన ఇరుసు చుట్టూ నూనె నిలిచిపోతే మాడి మసి అవుతుంది.

మడి మధ్యలో పైపు చీలితే ఏం చేయాలి? టర్బో తరువాతి పైపు అయితే గట్టిగా పట్టీ చుట్టి, నెమ్మదిగా బండిని షెడ్డుదాకా చేర్చవచ్చును. సైకిలు ట్యూబు చుట్టి రోజంతా కోస్తామంటే ఆ వేడికి అది నిలవదు. ఫిల్టరుకు, టర్బోకు మధ్య పైపు చీలితే మాత్రం ఆ దుమ్ములో ఒక్క గజం కూడా నడపకండి. అక్కడి చీలిక దుమ్మును తిన్నగా చక్రం మీదికి పంపుతుంది.

తోటి విస్తరణాధికారులకు ఒక మనవి. మనం మెకానిక్కులం కాము, కానక్కరలేదు. కాని యాసంగి కోతలకు పది రోజుల ముందు మీ రైతువేదికకు మిషన్ల యజమానులను, డ్రైవర్లను, దగ్గరి మెకానిక్‌ను ఒక పూట పిలవండి. ఫిల్టరు, పైపులు, క్లిప్పులు ఒక మిషను మీద విప్పి చూపించండి. చీలితే పని ఆగిపోయే రబ్బరు పైపులు, క్లిప్పులు ఒక జత మిషనులోనే వుంచుకోమనండి. ఎవరైనా "టర్బో పోయిందంటున్నరు, ఏం చేద్దాం సారూ" అని అడిగితే, "మిస్త్రీ చెప్పినట్టు చేయి" అని నావలె తప్పించుకోకండి. "ఫిల్టరు చూసినారా? పైపుల అడుగు చూసినారా? బరువు మీద నడిపి చూసినారా?" అని మూడు ప్రశ్నలు వేయండి. ఆ మూడు ప్రశ్నలకు ఒక గంట పడుతుంది. నేను అడగని ఆ ప్రశ్నలకు ఆ రైతు మూడు రోజులు, ఒక పంట చెల్లించినాడు.

రైతు సోదరులారా, ఏప్రిల్, మే నెలల్లో మబ్బు మనల్ని అడిగి రాదు. కోతకు వచ్చిన వరికి ఒక్కొక్క రోజు ఒక్కొక్క గండం. బండి గుంజకపోతే కంగారు పడకండి, డబ్బు సంచి విప్పకండి. పార భుజాన వేసుకుని కాలువ గట్టు నడిచినట్లే, గాలి దారి వెంట నడవండి. పూడిక, గండి, తూము, ఆఖరున టర్బో. ఈ వరుస గుర్తుంచుకోండి.